మేడ మీద లేని ఆయన

ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఉద్యోగం దొరికినా గది దొరికేది కాదు (ఇప్పుడూ అంతేననుకోండి). అందుకే ఆ శుక్రవారం సాయంత్రం మెట్లు దిగి వస్తున్న నన్ను చూడగానే, కొవ్వొత్తులు వెలిగించబోతున్న ఇంటావిడ చేతిలో అగ్గిపుల్ల ఆగిపోయేసరికి, ఇక నా గది పోయినట్టే అనుకున్నాను. నా తలకు కట్టుకున్న స్కార్ఫ్ వైపే చూస్తూ, "పెళ్ళయిందని ముందే చెప్పాల్సింది కదమ్మా" అంది.

నేనప్పుడు ఊరి శివార్లలోని చెర్రీవుడ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆవిడ పెద్ద వయసు యూదు మనిషి, ఒంటరిగా ఉండేది. శుక్రవారం పొద్దుగూకే వేళకు వాళ్ళ వారపు పండగ మొదలవుతుంది, ఆ కొవ్వొత్తులు దానికే. పెళ్ళికాని అమ్మాయికి మాత్రమే గది ఇస్తానని మొదటిరోజే ఖరాఖండిగా చెప్పింది. "కాలేదండీ" అన్నాను. నమ్మలేదు. "ప్రతి శుక్రవారం తల కప్పుకుంటున్నావు, చూస్తూనే ఉన్నాను. ఆయన పైనే ఉన్నాడా?" అని మెట్ల వైపు చూసింది. లేని మొగుడు లేడని ఎలా నిరూపించాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. స్కార్ఫ్ విప్పేశాను. తడి జుట్టు భుజాల మీద పడి, నీళ్ళు నేలంతా కారాయి. "శుక్రవారం తలస్నానం చేస్తానండీ. ఈ చలిలో తడి తలతో తిరిగితే మా అమ్మ ఫోన్లోనే చంపేస్తుంది."

ఆవిడ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. "మాలో పెళ్ళయినవాళ్ళే తల కప్పుకుంటారు. పెళ్ళికాని పిల్లలకు ఆ నియమం లేదు. నన్ను చూడు, ఇప్పటికీ పిల్లనే" అంటూ తన తెల్లటి జుట్టు సవరించుకుంది. శుక్రవారం రాత్రి మేమిద్దరం కలిసే తినేవాళ్ళం. అప్పుడు చూశాను, బల్ల మీద మూడు కంచాలు. మూడోది ఎవరికని అడిగాను. "పైనున్నవాణ్ణి పస్తు ఉంచి, శుక్రవారం పూట నాకు ముద్ద దిగుతుందా?"

ఖాళీ చేయిస్తుందని నేను భయపడుతుంటే, ఆవిడ నా మొగుడి ఆకలి గురించి ఆలోచించింది. ఆవిడ శుక్రవారాలకని జడలా అల్లి కాల్చే రొట్టెలో ఆయన వాటా కూడా నేనే తిన్నాను.

తర్వాత నిజంగానే ఒక ఆయన వచ్చాడు, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆవిడ ఇప్పుడు లేదు. నాకేమో ప్రతిదానికీ కంగారే. నిన్న మా పెద్దమ్మాయి, రేపు కొత్త స్నేహితురాలిని భోజనానికి తీసుకొస్తానంటే, ఎవరో, ఎలాంటివాళ్ళో అని రాత్రి నిద్రపట్టక ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ, తల నుంచి నీళ్ళు కారుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఈ పొద్దున పిల్లలతో, "తీసుకురండి. ఆ పిల్లకు తమ్ముడుంటే వాణ్ణీ తీసుకురమ్మనండి. ఎలాగూ ఒక కంచం ఎక్కువే పెడతాను" అన్నాను.

"గ్రాండ్, మమ్మీ. బట్ హూ ఈజ్ ఇట్ ఫర్?" అని పెద్దది ఇక్కడి మాటలో సరేనంటూనే, ఆ ఎక్కువ కంచం ఎవరికని అడిగింది.

"మేడ మీద లేని ఆయనకు" అన్నాను. ఇద్దరూ మెట్ల వైపు చూశారు.