దొంగ తప్పులు

వాన పడిన రోజు చంద్రపూర్‌లో మా గ్రంథాలయం గుమ్మం ముందు పరిచిన గోనెపట్ట తడిసి ఒక వాసన వేస్తుంది. అది ముక్కుకు తగిలితే రెండు పుటలు కూడా నిలకడగా చదవలేను, లేచి కిటికీ దాకా పోయి వస్తాను. నేను బడిలో తెలుగు చదివినదాన్ని కాను. పెళ్లయి పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఇక్కడి రెండు అల్మారాల తెలుగు పుస్తకాల ముందు కూర్చొని, కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ గర్వం నాకుంది. కానీ నాకు మొదట చదవడం నేర్పిన గురూజీ గురించి, ఆయన దగ్గర చదువు మానేసిన మా అక్క రాజవ్వ గురించి ఏ పుస్తకంలోనూ లేదు. నేను రాయకపోతే ఇక ఉండదు.

మాది విరూర్ దగ్గరి పల్లె. రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసిన రోజుల్లో మా తాలూకా మరాఠీ వైపు పోయింది. ఊళ్లో పత్తి అదే, జొన్నరొట్టె, పుంటికూర అవే, బతుకమ్మకు కోసే తంగేడుపూలు అవే. బడిలో మాత్రం తెలుగు పోయి మరాఠీ వచ్చింది. నేను చేరింది ఆ ఏడాదే. అక్క అప్పటికి రెండేళ్లు తెలుగు చదివి మళ్లీ మొదటికి వచ్చి, నా పక్కన, చీమిడిముక్కు పిల్లల మధ్య కూర్చుంది. పలక మీద ఆమె చెయ్యి తెలియకుండానే గుండ్రటి తెలుగు అక్షరాల వైపు తిరిగేది, వెంటనే ఉమ్మి తడితో తుడిపేసేది.

వరోరా వైపు నుంచి వచ్చిన మరాఠీ గురూజీ ఒక్కడే అందరికీ పంతులు. ఆయన పరీక్షలు పెట్టలేదు. మేమంతా పలకల మీద రాస్తుండగా ఒక్కొక్కరినే తన చాప దగ్గరికి పిలిచి నాలుగు వరుసలు చదివించి, ఎక్కడ ఆగామో, ఏ అక్షరం దగ్గర ఆయన ముఖం చూశామో, చేత్తో కుట్టిన బుక్కులో పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకునేవాడు. శనివారం ఆ బుక్కు చూసి మా చోట్లు మార్చేవాడు. అక్షరాలవాళ్లకు ఒక గోనెపట్ట, మాటలు కూడబలికేవాళ్లకు ఒకటి, వాక్యాలు చదివేవాళ్లకు ఒకటి. మొదటి రెండింటివాళ్లకు పొద్దుటి బడి, మూడోదానివాళ్లకు పగటి బడి.

ఆ పగటి బడి అంటేనే నాకు భయం. ఊరికీ బడికీ మధ్య రైలుపట్టాలుండేవి. ఇద్దరం చెయ్యి పట్టుకొని దాటితేనే బడి అని, ఒక్కదాన్ని పంపేది లేదని బాపు ముందే చెప్పాడు. నేను మూడో పట్టకు ఎక్కితే నాది పగటి బడి, అక్కది పొద్దుటి బడి, అంటే ఇద్దరి బడీ పోయినట్టే. ఎడ్ల పండుగ పోలా నాటికి నాకు అగ్గిపెట్టె మీది మరాఠీ కూడా చదవడం వచ్చేసింది. ఎడ్ల కొమ్ములకు రంగులు పూస్తున్నా, నెయ్యి పోసిన వేడి పోలెలు తింటున్నా, వచ్చే శనివారమే మనసులో తిరిగేది. అందుకని గురూజీ ముందు తప్పులు చదవడం మొదలుపెట్టాను. ఇవాళ ఒకచోట, రేపు ఇంకొకచోట.

ఒకరోజు ఆయన బుక్కు నా వైపు తిప్పాడు. అక్క పుటలో చుక్కలన్నీ రోజూ ఒక్కచోటే పడ్డాయి. నా పుటలో గాలికి చెదిరిన గింజల్లా ఉన్నాయి.

"నిజం తప్పుకు ఇల్లుంటది పోరీ, రోజూ ఆడనే దొరుకుతది," అన్నాడు తనకు వచ్చిన తెలుగులో. "నీ తప్పులు బజార్ల తిరుగుతున్నయి. ఎందుకు?"

చెప్పేశాను. ఆయన బుక్కు మూసి, అబద్ధం మాత్రం రాయలేనని, సాయంత్రం ఇంటికొస్తానని అన్నాడు. వచ్చి, అరుగు మీద చాయ్ తాగి, ఇద్దరినీ పొద్దున కలిసి పంపితే పొద్దుగూకేదాకా తనే కూర్చోబెట్టుకుంటానని బాపును ఒప్పించాడు. ఒప్పించడానికి, అక్క కోసం చెల్లె కావాలనే తప్పు చదివిన సంగతి మెచ్చుకుంటూ చెప్పాడు. లోపల పొయ్యి దగ్గర అక్క రొట్టె చేస్తోంది. రొట్టె మాడిన వాసన వచ్చింది.

తెల్లారి అక్క బడికి తయారు కాలేదు. ఏందే అని అడిగితే నా జడ అల్లుతూ, వెనక నుంచే చెప్పింది.

"నువ్వు గూడ నాలెక్కనే తడబడ్తున్నవ్ అనుకున్న. గందుకే పోయిన ఇన్నొద్దులు."

ఎవరు చెప్పినా మళ్లీ బడిలో కూర్చోలేదు. కానీ రోజూ నా చెయ్యి పట్టుకొని పట్టాలు దాటించి, బడి గోడ దాకా వచ్చి, అక్కడి నుంచి పత్తి ఏరడానికి పోయేది. సాయంత్రం దూది అంటిన తలతో మళ్లీ గోడ దగ్గర నిలబడేది. ఆమె నడిచినంత కాలం నేను చదివాను.

ఇప్పుడు ఆ బడి లేదు. గురూజీ బుక్కులకు చెదలు పట్టాయని విన్నాను. మేం నడిచిన దారిలో సున్నపురాయి లారీల దుమ్ము. పోలా నాడు రంగు పూయడానికి మా ఇంట్లో ఎడ్లే లేవు.

ఈ రాత కోసం పాత పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం సునందాబాయికి, నా వంకర రాతను టైపు చేసిన మనుమరాలు ప్రియకు, ఊరి సంగతులు గుర్తు చేసిన మేనమామ కొడుకు పోచన్నకు కృతజ్ఞతలు. అందరికన్నా మా రాజవ్వక్కకు. టైపు చేసిన కాగితం చదివి వినిపిద్దామని పోతే, తనే లాక్కొని, వేలు పెట్టి, మొదటి వరుస చివరిదాకా మెల్లగా, ఎక్కడా ఆగకుండా చదివింది.

"గీ తెలుగు అక్షరాలు నాకు వస్తుండె," అంది. "గురూజీ రోజూ నాకు రానిదే రాసుకున్నడు. నాకు వచ్చింది ఎవ్వలడగలే. నువ్వు గూడ అడగలే."