పాస్టరమ్మ గిన్నెలో సుగంధి వాసన

మా పాస్టరమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. నేను పాఠాలు చెప్పే మహబూబ్‌నగర్ బడికి నాయిన ఫోన్ చేసి, "పాస్టరమ్మ పోయింది బిడ్డా. జర జల్ది రా" అని పెట్టేశాడు. నేను చేరేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది.

మాది అచ్చంపేట దాటాక, అడవి అంచున, రోజుకు ఒక్క బస్సు వచ్చే ఊరు. ఆమె భర్త మా చర్చి పాస్టరు. ఆయన జ్వరంతో పోయినప్పుడు కొత్త పాస్టరును పంపుతామని జిల్లా పెద్దలు అన్నారు. ఎవరూ రాలేదు. రెండో ఆదివారం ఆమే చర్చి ముందు వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో మోగించి, లోపలికి వెళ్లి బైబిలు తెరిచింది. ఆడమనిషి ప్రసంగం చెప్పడమేమిటని అడిగినవాళ్లకు ఆమె జవాబు ఒక్కటే: "పెనం మీద రొట్టె ఏసినోళ్లు పోయిండ్రని, రొట్టెను మాడనిస్తమా?"

కళ్లద్దాల కాడ విరిగితే నల్లదారంతో చెవికి కట్టుకునేది. ప్రసంగం మధ్యలో ఆగి, "లచ్చమ్మా, నీ బర్రె ఈనిందా? దుడ్డెనా? మంచిగైంది. ఆఁ, యోనా చేప కడుపుల ఉన్నడు గద..." అని మళ్లీ అందుకునేది.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం కూడా ఆమే ఇచ్చేది. మా ఊళ్లో ద్రాక్షరసం ఎక్కడిది? అడవి నుంచి చెంచులు తెచ్చే సుగంధి వేళ్లు మరిగించి, చక్కెర కలిపి, ఇత్తడి గిన్నెలో పోసేది. రొట్టె అంటే జొన్నరొట్టె ముక్కలే. అభిషేకం పొందిన పాస్టరు తప్ప ఇంకెవరూ ప్రభు భోజనం ఇవ్వకూడదన్న నియమం ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, ఆదివారం సాయంత్రాలు టీవీలో ఒక హాస్య ధారావాహిక మొదలైంది. పల్లెటూరి గుడికి ఒక ఆడ పూజారి వస్తుంది, ఊరు ఊరంతా ఆమెకు పరీక్షలు పెడుతుంది, అదీ కథ. సరిగ్గా ప్రార్థన వేళకే వచ్చేది. జనమంతా పంచాయతీ ఆఫీసులోని టీవీ ముందు, చర్చిలో నలుగురం. సంఘపెద్ద తాతకు కోపమొచ్చింది.

"దేవుని పూట గీ తమాషా ఏందమ్మా? సర్పంచుకు చెప్పి టీవీ బంద్ చేయిస్త."

"ఫికర్ జేయకు తాతా. నవ్వుకొని రానీ. ఏడుపు మొకాలకు నేనేం జెప్పాలె?"

ప్రార్థనను అరగంట వెనక్కి జరిపి, చాప చంకన పెట్టుకుని తనూ టీవీకి బయలుదేరింది. తెరమీది పూజారమ్మ హారతి పళ్లెంతో సహా బురదలో కూలబడితే అందరికన్నా గట్టిగా నవ్వింది. "గీమె అచ్చం నా లెక్కనే ఉన్నదే!"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. సెలవులకు వస్తే ఊళ్లో నాకు ఊపిరాడేది కాదు, చదివిన చదువు ఎక్కడ చూపించాలో తెలిసేది కాదు. ఆ ఏడు క్రిస్మస్ నాటిక నేనే రాశాను. ధారావాహికలోని పూజారమ్మ స్థానంలో మా పాస్టరమ్మను పెట్టాను: దారం కళ్లద్దాలు, బర్రె, యోనా, చివరి రంగంలో జొన్నరొట్టె, సుగంధి షర్బత్. ఆమెకు అభిషేకం ఇవ్వవచ్చో లేదో తేల్చడానికి జిల్లా పెద్దలు ఇద్దరు ఆ రోజే వచ్చారు. నవ్వి నవ్వి ఆమె పట్ల మెత్తబడతారనుకున్నాను.

జనం పొట్టలు పట్టుకున్నారు. చివరి రంగం వచ్చేసరికి ముందు కుర్చీలోని జిల్లా పెద్దాయన మాత్రం నవ్వడం ఆపేశాడు. "ఇది కథా, నిజమా?" అని అడిగాడు. కథేనని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆమె లేచింది.

"నిజమేనయ్యా. మీరు పంపుతమన్న మనిషి రాలే. ఇయ్యమని అడిగినోళ్లకు లేదని చెప్పలేకపోయిన."

అభిషేకం రాలేదు. ప్రార్థన చేసుకోవచ్చు గానీ గిన్నె ముట్టకూడదన్నారు. నెలకోసారి అచ్చంపేట పాస్టరు వచ్చి ప్రభు భోజనం ఇచ్చేటట్టు ఏర్పాటైంది.

మర్నాడు వెళ్లేసరికి ఆమె జొన్నపిండి జల్లిస్తోంది. నేను ఏడ్చాను.

"ఏడ్సుడెందుకే? ఒక్క అబద్ధమన్న రాసినవా?"

"నీ అభిషేకం పోయింది గద..."

"పోతే పోయింది. సుత్తె నా చేతులనే ఉన్నది గద." పిండి దులుపుకుంటూ, "కాని, బర్రె ముచ్చట రెండుసార్లు పెట్టినవ్. ఒక్కసారి చాలు" అంది.

రాసింది ఎక్కడ ఆపాలో నాకు చెప్పిన మొదటి మనిషి ఆమే. ఆమె తరఫున జిల్లా పెద్దలకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. నాలుగేళ్లు ప్రతి ఆదివారం పట్టా మోగించింది. అచ్చంపేట పాస్టరు వచ్చిన రోజు మాత్రం చివరి వరసలో కూర్చుని, అందరితోపాటు చేయి చాపేది.

మొన్న ఆదివారం ఆయన వచ్చే రోజు. ఇత్తడి గిన్నె అదే, లోపల బజారు నుంచి తెచ్చిన ద్రాక్షరసం. నాలుగేళ్లుగా అందరూ తాగుతున్నదే. ముందు వరసలో లచ్చమ్మ గిన్నె అందుకుని, నోటికి ఆనించకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమమ్మా, బాగలేదా?" అన్నాడు పాస్టరు.

"బాగనే ఉన్నదయ్యా," అని తాగి, పక్కామెకు ఇచ్చింది. ఆమె కూడా ముందు వాసన చూసింది. ఆ పక్కనున్న అవ్వ కూడా. అట్లా వరసలు దాటుకుంటూ గిన్నె నా చేతికి వచ్చింది.



నేనూ చూశాను.