ఉంగరమున్న గొడుగులు

మా అత్త వంటలో వేలు పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. చిత్తూరు వైపు నుంచి పెళ్లై వచ్చి ఇన్నేళ్లుగా చెన్నైలో ఈ తిరువొత్తియూరులోనే ఉంటున్నా, పుట్టగొడుగుల దగ్గర మాత్రం ఆమె పుట్టింటి పద్ధతే చెల్లుతుంది. ఏరినవాళ్లే ముందు తినాలి. పూటంతా వాళ్లకు ఏమీ కాకపోతేనే మిగిలినవాళ్లు ముట్టాలి.

మొన్న వానలకు ఆమె తమ్ముడు అడవి పక్క పల్లె నుంచి చెదల పుట్టల మీద మొలిచిన గొడుగులు తెచ్చిచ్చి వెళ్లాడు. అదే పొద్దున అత్త మా అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో మొలిచినవి కొంగు నిండా ఏరుకొచ్చింది. రెండూ ఒకే చేటలో పోసి, "ఈడ కూడా లేస్తా ఉండాయి మ్మే!" అని మురిసిపోయింది.

నేను చేట మీదికి వంగి చూశాను. దూరం నుంచి రెండూ తెల్లవే. కానీ అడవివాటికి నడినెత్తిన చిన్న మొన, కింద పుట్టలోకి దిగిన పొడుగాటి వేరు ఉన్నాయి. గడ్డివాటికి నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడ చుట్టూ ఉంగరం, అడుగున ఉబ్బిన గడ్డ. ముదిరినదాన్ని తిప్పితే గొడుగు కింది మడతల్లో ఆకుపచ్చ ఛాయ కూడా. అవి తింటే వాంతులు ఖాయం, ముందు తినేది ఆమే. ఈ తేడాలన్నీ నాకు నేర్పిందీ ఆమే కాబట్టి చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన "నువ్వే చెప్పు" అని సైగ చేసి బాల్కనీలోకి జారుకున్నాడు. మహావీరుడు!

గడ్డిలోదాన్ని ఒకటి ఆమె చేతిలో పెట్టాను. "అత్తా, దీని వేరు తెగిందేమో చూడు."

ఆమె బొటనవేలు కాడ వెంట జారి, మధ్యలో ఆగింది. ఉంగరాన్ని పైకీ కిందికీ జరిపి చూసింది. ఇంకొకటి తీసుకుని తడిమింది, మరొకటి కూడా. శుక్లాల ఆపరేషన్ మాటెత్తితే "నాకు చీమ కూడా కనపడతాది" అని మా నోళ్లు మూయించే మనిషి. నాకు ఏడుపొచ్చింది.

"నాకు తెల్లగా ఉండేది తప్ప ఇంకేం తెలీడంలా" అంది మెల్లగా.

"నేను ఏరతాలే అత్తా" అని చేట అందుకోబోయాను. ఆమె వదల్లేదు.

"నువ్వు ఏరితే ముందు నువ్వు తినాల గదా. వద్దు మ్మే" అంటూ, తమ్ముడు తెచ్చినవాటితో సహా అన్నీ చెత్తబుట్టలో పోసేసింది.