మూడు బస్సుల మొగుడు

సినిమా అయిపోయి లైట్లు వేసినా మా అమ్మ సీట్లోంచి లేవలేదు. తెర మీద పేర్లు పోతున్నాయి. హిందూపురంలో ఆ మధ్యాహ్నం ఆటకు ముప్పై మందికి మించి లేరు, వాళ్ళూ సగం బయటికి వెళ్ళిపోయారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"బస్టాండు సీను యాడ పాయ?"

నాకూ అదే మంట. ఈ సినిమా తీసిన నవలకు ప్రాణమే ఆ సీను. నేను నోరు తెరిచేలోగా అమ్మకు అవతల కూర్చున్న నాయన లేచి, "పదండి, రైలుకు టైమాయ" అన్నాడు. రైలుకు ఇంకా గంటన్నర ఉంది.

ఆ నవల మా ఇంటికి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నేనప్పుడు ఆరో తరగతి. ధర్మవరంలో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. వారం వారం అమ్మ ఆ పేజీలు విడదీసి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టి దాచేది. పైన పాత క్యాలెండరు అట్ట వేసింది. పత్రికలో మిగిలినదంతా పొట్లాలు కట్టడానికి అంగట్లోకి పోయేది.

ఒక వారం అమ్మకు జ్వరం వచ్చి పేజీలు విడదీయలేదు. నాయన పత్రిక మొత్తం తీసుకుపోయి, సాయంత్రానికల్లా ఆ భాగాన్ని శనగపప్పుతో కొంత, ఎండుమిరపకాయలతో కొంత, ఊరంతా పంచేశాడు. అమ్మ లేచి అడిగేసరికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు. పక్క వీధిలో ఆ పత్రిక కొనేవాళ్ళ ఇంటికి నన్ను పంపింది. వాళ్ళు తమ కాపీని కూడా పాత కాగితాల కింద మా అంగటికే వేశారట. అంటే దాన్నీ నాయనే చింపాడు.

అంతకు ముందు వారం కథలో భార్య మొగుడితో పోట్లాడి, పెట్టె పట్టుకుని గడప దాటింది. తరువాతి సంచికలో చూస్తే మళ్ళీ ఇంట్లోనే పొయ్యి ముందుంది. ఎట్లా తిరిగొచ్చిందో తెలియక అమ్మ కుతకుతలాడిపోయింది. మామూలుగానే అమ్మ నాయనతో నేరుగా మాట్లాడదు. "మీ నాయనకు చెప్పు" అని నా మీదుగా మాట్లాడుతుంది. ఆ రోజుల్లో నా మీదుగా కూడా మాట్లాడలేదు.

పదో దినమో ఏమో, అన్నం తింటూ నాయన తల ఎత్తకుండా నాతో అన్నాడు. "చింపకముందు నేను సదివినాలే. ఏం జరిగిందో చెప్తా, మీయమ్మను రాసుకోమను."

అమ్మ నా నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపి రాసుకుంది. ఆ మొగుడు బస్టాండుకు పోతాడు. భార్య బెంచీ మీద కూర్చుని ఉంటుంది. దగ్గరికి పోయే ధైర్యం లేక ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడతాడు. ఒక బస్సు వచ్చి పోతుంది, ఆమె ఎక్కదు. రెండోదీ పోతుంది, మూడోదీ పోతుంది. అప్పుడు పోయి, ఆమె పక్కన పుట్నాలూ బెల్లమూ పొట్లం పెట్టి, "తప్పు నాదే. నీకు చెప్పేకి నాకు నోరు రాదు. నువ్వు పోతే మాత్రం ఇంట్లో ఉండేకి చేతకాదు" అంటాడు. అంతే. ఇద్దరూ నడిచి ఇంటికొస్తారు.

అమ్మ ఆ నాలుగు కాగితాలూ సరిగ్గా ఆ చోటనే పెట్టి కుట్టింది. ఆ సాయంత్రం నాయనకు కాఫీ దక్కింది.

అప్పటి నుంచి నాయనకు కష్టాలు మొదలయ్యాయి. మాకు మూడు బస్సుల మొగుడు సామెత అయిపోయాడు. కాఫీ ఆలస్యమైందని నాయన గొణిగితే, "ఆ మొగుడు మూడు బస్సులు పోయేదాకా నిలబన్న్యాడంట, మీ నాయన ఒక్క లోటా కాఫీకి నిలబడలేడా, అడుగు" అనేది అమ్మ. పండక్కి చీర తేవడం మరిచిపోతే, "కతలో మొగుళ్ళకుండే బుద్ధి తల్లి కడుపున పుట్టినోళ్ళకు యాడొస్తాదిలే" అనేది. నాయన వక్క నములుతూ వినేవాడు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. నేను కూడా అమ్మ పక్షమే. పెళ్ళిచూపుల్లో అబ్బాయిని చూసి, వీడు ఎన్ని బస్సులదాకా ఆగుతాడా అని లెక్కవేసిన మనిషిని నేను.

అందుకే సినిమా వస్తోందంటే అమ్మ నెల ముందు నుంచీ కాచుకుంది. పట్టుచీర కట్టుకుని నాయనతో ధర్మవరంలో రైలెక్కింది. పెనుకొండలో టీచరు ఉద్యోగం చేస్తున్న నేను అక్కడ ఎక్కాను. సినిమాలో ఇల్లు బంగళా అయింది, కొట్లాటలు వచ్చాయి, వానలో ఒక పాట వచ్చింది. అమ్మ వాటినేమీ పట్టించుకోలేదు. "ఇంటర్వెల్ అయినంక వస్తాదిలే" అంది. రాలేదు. సినిమాలో భార్య అన్నను వెంటబెట్టుకుని తనే తిరిగొచ్చింది. మొగుడు పేపరు చదువుకుంటూ తల కూడా ఎత్తలేదు.

తిరుగు రైల్లో అమ్మ కిటికీలోంచి చూస్తూ, "మంచోణ్ణి చెడగొట్నారు" అంది. మనిషి పోయినట్టు అంది.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. మరుసటి రోజు స్టాఫ్‌రూములో ఆ డైరెక్టరును ఉతికి ఆరేశాను. ఇంటికొచ్చి ఫోన్‌లో పెద్ద పోస్టు రాయడం మొదలుపెట్టాను. నవలలోని మాటలు తప్పు లేకుండా పెడదామని అచ్చు పుస్తకం తెప్పించాను. ఇంట్లో అమ్మ కుట్టిన పుస్తకం ఉండగా ఇన్నేళ్ళూ దాని అవసరమే పడలేదు.

అందులో బస్టాండు సీనే లేదు. రెండుసార్లు వెతికాను. భార్య అన్నతో తిరిగొస్తుంది, మొగుడు పేపరులోంచి తల ఎత్తడు. సినిమావాళ్ళు పుస్తకంలో ఉన్నదే తీశారు. అప్పుడు తట్టింది. నవలలో మొగుడు గోదావరి ఒడ్డున బంగారు కళ్ళజోడు పెట్టుకునే ప్లీడరు. అట్లాంటివాడు భార్యను బతిమాలడానికి పుట్నాలూ బెల్లమూ ఎందుకు పొట్లం కట్టుకుపోతాడు? రాసిన పోస్టు సిగ్గుతో చెరిపేశాను.

ఆదివారం ధర్మవరం పోయాను. నాయన అంగట్లో ఒక్కడే ఉన్నాడు. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి ముందు పెట్టాను. చూసి మూసేశాడు.

"సదవకుండానే చింపితి" అన్నాడు. "దాంట్లో ఏముండెనో నాకేం తెలుసు? మీయమ్మ పది దినాలు మాట్లాడకపాయ. నాకు చెప్పాలని ఉండె, చెప్పేకి రాకపాయ. కతలో పెట్టి చెప్తి."

"మరి ఆ మొగుణ్ణి చూపించి నిన్ను ఇన్నేండ్లు దెప్పుతాంటే చెప్పొచ్చు గదా నాయనా?"

"ఆయప్పను తల్చుకుంటే మీయమ్మకు సంతోషం. నేనని చెప్తే ఆ సంతోషం ఉంటాదో ఉండదో. పోనీలే."

అప్పుడు చూశాను. అమ్మ నడవలో, వెనక గుమ్మం దగ్గర, కాఫీ లోటాతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కాఫీ మీద మీగడ కట్టింది.

అమ్మ వచ్చి లోటా త్రాసు పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు. "మీ నాయనకు చెప్పు" అనలేదు.

"ఇన్నేండ్లూ ఆ కతలో మొగుడు మంచోడనుకుంటి" అంది నాయనతోనే.

నాయన గబగబా ఒక కాగితం తీసి పొట్లం చుట్టడం మొదలుపెట్టాడు. "గిరాకీ ఉండాది, తరువాత మాట్లాడుదాం" అన్నాడు.

అంగట్లో మేము ముగ్గురమే ఉన్నాం.