చిలకల పాకంలో నిమ్మచుక్క

ఒక నిమ్మచెక్క ఎంత బరువుంటుందండీ? అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. నేను తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పిండి పారేసిన నిమ్మచెక్కను, మనవలూ మనవరాళ్లూ పుట్టి పెద్దవాళ్లవుతున్న ఇప్పటిదాకా గుండెల మీద మోస్తూనే ఉన్నాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నబిడ్డలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో అయితే నోరు పెగులుతోంది. పేరు మాత్రం అడక్కండి.

మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. వ్యవసాయపు ఇల్లు. అప్పటికింకా రైలు రాలేదు, కొత్తగా తవ్విన కాలవలో పడవలు తిరిగేవి. పంచదార ఆ పడవ మీదే రాజమహేంద్రవరం నుంచి రావాలి, అదీ సంక్రాంతి బొమ్మల కొలువుకు మాత్రమే. మిగతా రోజులన్నీ మాకు బెల్లమే. కొలువులో బొమ్మల ముందు పంచదార చిలకలను బారుగా నిలబెట్టి, సాయంత్రం పేరంటానికి వచ్చిన వాళ్లకు తలా ఒకటి ఇచ్చేవాళ్లు. ఆ చిలకలు పోసే నేర్పు మా ఇంట్లో సుబ్బత్తది.

సుబ్బత్త మా నాన్నకు చెల్లెలు. కాపురానికి వెళ్లకముందే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయింది. పేరంటంలో ఆమెకు చోటు లేదు. శుభమైన పనికి చెయ్యి వెయ్యకూడదనేవారు. కానీ మా మామ్మకు, అంటే నాన్నగారి తల్లికి, చేతులు వణకడం మొదలయ్యాక పాకం పట్టే మనిషి కరువైంది. "పోనీలే, పెరట్లో కానియ్యి, ఎవరు చూడొచ్చారు" అని మామ్మే కూతురి చేతికి గరిటె ఇచ్చింది. అది మొదలు ఏటా ఆమే.

ఆ ఒక్కరోజు సుబ్బత్త వేరే మనిషి. నానబెట్టిన చెక్క అచ్చులను జతకలిపి దారంతో బిగించడం పిల్లల పని. మేము కడుతూ ఉంటే ఆమె కబుర్లు చెబుతూ, మరిగే పాకంలో పాలు చిలకరించి తెట్టు తీసేది. పొయ్యి మీంచి దించి గిన్నె అంచుకు గరిటెతో రుద్దుతూ ఉంటే పాకం తెల్లబారేది. గబగబా అచ్చుల్లో పోసి, కాసేపాగి దారం విప్పితే చిలక! మేం గెంతులు వేసేవాళ్లం. ఆమె నవ్వు వీధి గుమ్మందాకా వినిపించేది. వీటన్నిటికంటే ముందు మా అందరినీ బావి దగ్గరకు తరిమేది. "జిలేబీ పాకానికైతే నిమ్మచుక్క వెయ్యాలర్రా, గట్టిపడకుండా ఉంటది. చిలకల పాకానికి పులుపు తగిలిందా, ఇంక చిలక నిలబడదు. చేతులు కడుక్కుని రండి, పొండి!"

చూశారా, ఆ విద్య కూడా ఆమె నేర్పిందే.

"వచ్చే ఏడు నీ చేత పోయిస్తానే" అని ఆమె నాకు మాటిచ్చింది. ఆ ఏడంతా నేను ఊళ్లో పిల్లలందరి దగ్గరా గొప్పలు పోయాను. తీరా రోజు వచ్చేసరికి, నాకు తొందరెక్కువని, చెయ్యి కాల్చుకుంటానని, మా బాబాయి కూతురు రత్తమ్మ చేత ముందు పోయిస్తానంది. రత్తమ్మ నాకంటే చిన్నది! నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో ఉయ్యాల్లో మా చంటి చెల్లెలు ఏడిస్తే సుబ్బత్త ఎత్తుకోవడానికి అటు తిరిగింది. మజ్జిగలోకని కోసిపెట్టిన నిమ్మచెక్క గట్టు మీద ఉంది. పాకంలో పిండేశాను. డొప్పను దడి అవతలికి విసిరేశాను. రెప్పపాటు పని.

ఎంత రుద్దినా పాకం తెల్లబడలేదు. బంకలా సాగింది. అయినా సుబ్బత్తే అచ్చుల్లో పోసింది. విప్పితే తల అచ్చులో, తోక దారానికి. సుబ్బత్త గరిటె అంచున వేలు రాసి నాకింది. నా వైపు తిరిగింది.

"అమ్మడూ, ఇందులో ఏమన్నా వేశావా?"

"నేనా? నేనెందుకేస్తాను?"

"నిజం చెప్పమ్మా. నిన్నేమీ అననులే."

"లేదన్నానా! నీ చెయ్యి మంచిది కాక పాడైతే నన్నంటావేంటి?"

ఎక్కడ విన్నానో ఆ మాట. పెద్దవాళ్లు చాటున అనుకునేదే అయి ఉంటుంది. వెనక గుమ్మంలో మామ్మ నిలబడి ఉందని నాకు తెలియదు. "పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయింది. ఆ చేతికి గరిటె ఇవ్వడం నాదే తప్పు" అంది మామ్మ. సుబ్బత్త చంటిదాన్ని నా ఒళ్లో పెట్టి, గిన్నె తీసుకుని కడగడానికి వెళ్లిపోయింది.

ఆమె నాలుకకు పులుపు తెలియలేదా? తెలిసే ఉంటుంది. మరి ఎందుకు చెప్పలేదు? చెబితే నన్ను కొడతారనా? చెప్పినా తన మాట ఎవరు నమ్ముతారనా? మొదటిదే అయి ఉండాలని కొన్నాళ్లు కోరుకున్నాను, ఎందుకంటే అది నాకు సుఖం. రెండోదే నిజమని వయసు మీద పడ్డాక తెలిసింది. ఏది నిజమైనా నేను చేసింది మారదు కదా. ఆ తరువాత ఏ పండగకూ ఆమెను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. కొలువు రోజున పశువుల సావిట్లో కూర్చునేది. పాకం కంపు... కాదు, పాకం వాసన అక్కడిదాకా వెళ్లేది. పిల్లలు అటు వెళ్లబోతే వెనక్కి లాగేవారు. ఆమె మంచాన పడ్డప్పుడు నేను చూడటానికి వెళ్లాను. కాళ్లు పట్టాను. గంజి తాగించాను. నిమ్మచెక్క మాట మాత్రం చెప్పలేదు. ఆమె వెళ్లిపోయింది.

ఇంతటితో అయితే చిన్నతనం అని మీరు సరిపెట్టుకునేవారేమో. ఆగండి. అత్తవారింటికి వచ్చాక కూడా నేను ఈ కథ చెప్పాను. విధవ చెయ్యి తగిలితే చిలకలు నిలబడవని, మా పుట్టింట్లో కళ్లారా చూశానని. ఛీ, నా నోరు పడిపోను! ఒకసారి కాదు, ఏటా పాకం పొయ్యెక్కగానే చెప్పేదాన్ని. చెప్పిన కొద్దీ అదే నిజమని నాకూ అనిపించేది. అందుకే చెప్పేదాన్నేమో కూడా.

ఈ ఏడు నా కూతురి కూతురు కనకం మా ఇంట్లో ఉంది. తల్లి లేని పిల్ల. పోయిన వానాకాలంలో మొగుడూ పోయాడు. పదహారేళ్లు. వచ్చినప్పటి నుంచీ మాట లేదు, నవ్వు లేదు, పెట్టింది తినడం, ఓ మూల కూర్చోవడం. మొన్న అచ్చులు నానబెడుతుంటే మా కోడలి పిల్లలు చిట్టీ, బుల్లోడూ దాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు, వదినే పొయ్యాలని ఒకటే గోల. కనకం పొయ్యి దగ్గర కూర్చుని గరిటె అందుకుంది. దాని మొహంలో ఏదో కదిలింది. ఎన్ని నెలలకో!

మా కోడలు చెడ్డది కాదు. మెల్లగా వచ్చి గరిటె తీసేసుకుంది. "పండగ పూట వద్దమ్మా కనకం. ఏమండీ అత్తయ్యగారూ, మీ సుబ్బత్తగారి సంగతి మీరే కదండీ చెప్పారు?"

కనకం లేచి నిలబడింది. సావిటి వైపు చూసింది.

అయ్యో, ఆ చూపు నేనెరుగుదును. మళ్లీ అదే పెరడు, అదే పొయ్యి అనిపించింది. ఇప్పుడు ఆ మామ్మ చోట నేను. "దాని చేతికివ్వు" అన్నాను. "సుబ్బత్త చెయ్యి బంగారం. పాకంలో నిమ్మకాయ పిండింది నేను." తరువాత అన్నీ చెప్పేశాను, రత్తమ్మతో సహా, డొప్పతో సహా.

కోడలు గరిటె కనకం ముందు పెట్టి లోపలికి వెళ్లింది. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే ఉంటోంది. ఉండనివ్వండి.

"ఆ అత్తకి చెప్పావా మామ్మా?" అన్నాడు బుల్లోడు.

"లేదురా."

"ఎందుకని?"

వాడికేం చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండి. సుబ్బత్త క్షమించేదేమో అని నేను అనుకోను, ఆమె తరఫున అనుకునే హక్కు నాకు లేదు. కానీ ఆ రాత్రి ఎన్నో ఏళ్ల తరువాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను. అందుకు కూడా సిగ్గుపడుతున్నాను, అయినా నిద్రపోయిన మాట నిజం.

చిలకలు నిలబడ్డాయండి. తెల్లగా, కళ్లు చెదిరేంత ముచ్చటగా. కానీ నేను మీకు చెప్పాలనుకున్నది అది కాదు. పోయడానికి ముందు కనకం పిల్లలిద్దరినీ బావి దగ్గరకు పంపింది, చేతులు కడుక్కు రమ్మని. తరువాత నా వైపు తిరిగింది. కోపమో, వేళాకోళమో, నాకు అర్థం కాలేదు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది, మా ఇంటికి వచ్చాక అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"నువ్వూ వెళ్లు అమ్మమ్మా. శుభ్రంగా కడుక్కునిరా."

వెళ్లాను. బుల్లోడు నీళ్లు పోశాడు. మోచేతులదాకా తోముకుని, తుడుచుకుని వచ్చి, వాడి పక్కన కూర్చుని అచ్చుకు దారం చుట్టాను.