పోశాలన్న గీతలు

మా పోశాలన్నకు గీత గీయనిదే చేయి ఆడదు. పాలకుర్తిలో ఆయన ఫోటో స్టూడియోకు వస్తే ముందు బల్ల మీద సుద్దగీత కనిపిస్తుంది. ఇటు మనుషులు, అటు సంచులు. ఫ్యాను గాలికీ గీసేవాడే, సుద్ద అంటక ఊరుకున్నాడు. సమోసా తెస్తే సరిగ్గా రెండు ముక్కలు చేస్తాడు. ఎప్పుడు విరిచినా ఆలుగడ్డంతా నా ముక్కలోకి, ఉత్త అంచు ఆయన ముక్కలోకి. విరవడం కూడా రాదని నవ్వుకునేవాణ్ణి.

నేను మామూలోణ్ణి కాదు. నాకు నేర్పడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదని ఇంజనీరింగ్ కాలేజీని రెండో ఏడాదే వదిలేసిన మనిషిని. పేపర్లు దిద్దినవాళ్లు ఇంకోలా చెబుతారు, నమ్మకండి. స్టూడియోలో పెళ్లి వీడియోలు కత్తిరించి పాటలు అతికించేది నేనే.

ఉన్నది ఒక్క కంప్యూటర్, మేం ముగ్గురం. పోశాలన్న దాని డిస్కును గదులుగా కోశాడు. సీ డ్రైవ్ విండోస్‌కు, డీ పెండ్లిపత్రికలు చేసే సుజాతక్కకు, 'ఈ' నాకు, ఎఫ్ ఆయనకు. నా గది సినిమాలతో నిండిపోయింది.

"అన్నా, నీ ఎఫ్‌ల జర జాగ ఇయ్యి."

"గీత గీతే తమ్మీ."

రోషమొచ్చి పనంతా డెస్క్‌టాప్ మీదే పెట్టాను.

"అది సీ గదిలనే ఉంటదిరా! సీ అంటే వాకిలి. వాకిట్ల బీరువా పెడ్తరా?"

"ఇంజనీర్‌కే చెప్తున్నవా అన్నా?"

ఓ రోజు కంప్యూటర్ లేవనంది. మెకానిక్‌ను పిలుద్దామన్నాడు అన్న. నేనుండగానా? సీ మొత్తం చెరిపేసి, విండోస్ కొత్తగా ఎక్కించి, కాలర్ ఎగరేశాను.

"మిగతా గదులు ముట్టలే. అంతా పైలం!"

"మరి రజిత పెండ్లి వీడియో ఏడ పెట్టినవ్‌రా?" అంది సుజాతక్క.

డెస్క్‌టాప్ మీద. కెమెరా కార్డేమో అప్పటికే ఇంకో పెళ్లితో నిండింది.

సరిగ్గా అప్పుడే మహబూబాబాద్ నుంచి రజిత దిగింది. "అన్నా, నా పెండ్లి వీడియో అయిందా? బరాత్‌ల మా అవ్వ జిందగీల మొదటిసారి డప్పుకు ఎగిరింది. ఎట్ల ఎగిరిన్నో సూస్తనని ఇంట్ల ఒకటే లొల్లి."

నా ఇంజనీరింగంతా చెమటై కారింది.

పోశాలన్న ఎఫ్ తెరిచాడు. అందులో ఉన్నది నా పేరుతో ఒకే ఒక్క ఫోల్డర్. రోజూ దుకాణం మూసేముందు నా డెస్క్‌టాప్‌ను అందులోకి కాపీ చేస్తున్నాడట. తెర మీద అవ్వ దుమ్ము లేచేలా ఎగురుతోంది.

"మరి నీ ఫోటోలేవన్నా?"

"పెన్‌డ్రైవ్‌ల ఇరుక్కున్నయి. నీ పెండ్లిళ్లకు జాగ సాలద్దా?"

"పోయిందనుకుని పరేషానైనం," అంది సుజాతక్క. "మరి ఎట్ల దొరికింది?" అని రజిత అడిగింది.

"దానికి ఇంజనీరింగ్ సదవాలె చెల్లే," అన్నాను.

"ఔ బిడ్డా, గీ తమ్ముడే తెచ్చిండు," అని తలూపాడు పోశాలన్న.

సాయంత్రం సమోసా విరిచాడు. ఈసారి అంచు నేనే ముందు లాక్కున్నాను.

"తమ్మీ, గీత దాటినవ్!" అన్నాడు, సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటూ.