ఆరు బోల్టుల మూత

గీతల మాస్టారికి ఈమధ్య కుర్చీలోంచి లేవడమే పెద్ద పనైపోయింది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా యంత్రాల బొమ్మలు గీసీ గీసీ నడుము వంగింది, కళ్ళద్దాలు మందమెక్కాయి. ఇంకో ఎనిమిది నెలలు గడిస్తే ఇంట్లో పడుకోవచ్చన్నదొక్కటే ఆయన ఆశ. ఆ ఎనిమిది నెలలూ ప్రశాంతంగా గడవనిస్తే అది లోకమెందుకవుతుంది?

ఆయన గీసిన యంత్రమొకటి ఊరవతల అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉంది. రెండు రోలర్లు అట్టను లోపలికి లాక్కుని మడత గీతలు నొక్కుతాయి. ఆ రోలర్ల మీద ఉండాల్సిన ఇనప మూత ప్రమాదం జరిగిన రోజు లేదు. యంత్రం నడిపే ఆవిడ, ఇరుక్కున్న అట్టముక్కను లాగబోయింది. రెండు వేళ్ళు పోయాయి.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ ఫ్యాక్టరీ వాళ్ళతో ఆగలేదు, యంత్రం గీసిన మనిషి దాకా వచ్చింది.

"గీసినవాళ్ళకీ చట్టప్రకారం బాధ్యత ఉందండీ. మూత పెట్టామంటే సరిపోదు. పనిచేసేవాళ్ళు దాన్నేం చేస్తారో కూడా ముందే ఆలోచించాలి. సోమవారానికల్లా మీ సంజాయిషీ రాసివ్వండి" అని కాగితం చేతిలో పెట్టి వెళ్ళింది.

మాస్టారి యజమాని తేలిగ్గా తీసిపారేశాడు.

"మూత మనమిచ్చాం, వాళ్ళు తీశారు. ఆ రెండు ముక్కలూ రాసి సంతకం పెట్టండి మాస్టారూ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకండి. మీరింకేదైనా రాశారో, ఆ రకం యంత్రాలన్నీ మళ్ళీ మార్చివ్వాలి. ఆపైన మీకు నా దగ్గర పనుండదు."

ఇంట్లో ఆవిడదీ అదే పాట. "అబద్ధం కాదుగా? ఎనిమిది నెలలు నోరు మూసుకుని ఉండలేరూ?"

అబద్ధం కాదు. పైగా ఆ మూతంటే ఆయనకు గర్వం కూడా. అందరూ రెండు బోల్టులతో సరిపెడితే ఆయన ఆరు పెట్టాడు. తీయడం ఎంత కష్టమైతే అంత భద్రం, ఎవరూ దాని జోలికి పోరు అన్నది ఆయన లెక్క. బల్ల ముందు కూర్చుంటే లెక్కలన్నీ ఒప్పే.

గురువారం పొద్దున్నే ఆ ఫ్యాక్టరీకి బయల్దేరాడు. ఎందుకో ఆయనకే సరిగ్గా తెలియదు. కాగితం తెల్లగా అలాగే ఉండిపోయింది మరి. మూత గోడవారన రెండు ఇటుకల మీద ఉంది. దాని మీద ఏడు టిఫిను డబ్బాలు వరసగా ఉన్నాయి. మూత రంగు కూడా చెదరలేదు.

డబ్బాలు దింపించి, ఫోర్‌మన్‌ని స్పానరడిగి, మాస్టారు తనే మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు. విప్పడానికే పదకొండు నిమిషాలు పట్టింది. ఆరో బోల్టు కోసం నేల మీద వెల్లకిలా పడుకోవాల్సొచ్చింది. ఫోర్‌మన్ చెయ్యందించి లేపాడు.

"రోజుకెన్నిసార్లు ఇరుక్కుంటుందయ్యా అట్ట?"

"తేమగా ఉంటే ఇరవైసార్లండి. మొదటి వారం విప్పుతూ బిగిస్తూనే ఉన్నాం. తర్వాత మావల్ల కాలేదు."

మాస్టారు మనసులోనే లెక్కేసుకున్నాడు. ఒట్టి విప్పడానికే రోజుకు మూడున్నర గంటల పైన. ఎవరు మాత్రం విప్పుతారు? తనైతే విప్పేవాడా? ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గుమ్మం దగ్గర స్టూలు మీద, కుడిచేతికి కట్టుతో, ఎడమచేత్తో పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తూ ఆ వేళ్ళు పోయిన ఆవిడ కూర్చుని ఉంది.

"మీరెవరు బాబాయిగారూ? కింద పడుకుని మరీ చూశారు."

"ఆ మూత గీసింది నేనేనమ్మా." తిట్లు తినడానికి సిద్ధపడే చెప్పాడు.

"మీరేనా! గట్టి మూతండీ. డబ్బాలు పెట్టుకోడానికి ఎంత బావుంటుందో." ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. "తప్పు నాదే లెండి. యంత్రం ఆపి చెయ్యి పెట్టాల్సింది. తొందరపడ్డాను."

చెంప మీద కొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది. మాస్టారు అక్కణ్ణించి వచ్చేశాడు.

ఇంటికొచ్చి చెప్పులతోనే కూర్చుని రాశాడు. "మూత మేమిచ్చాం. వాళ్ళు తీశారు. తీయక తప్పని మూత గీసింది నేను. తెరవగానే యంత్రం ఆగిపోయే తలుపు పెట్టాల్సిన చోట ఆరు బోల్టులు పెట్టాను. ఆమె తప్పేమీ లేదు." కింద సంతకం పెట్టి, చెప్పులు విడిచి, మంచం మీద వాలాడు.

ఇంట్లో ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. మాస్టారు కళ్ళు మూసుకుని తిట్లకోసం ఎదురుచూశాడు.

"ఈ మూత ఇంకా ఎన్నిచోట్లుంది?" అనడిగింది.

"నలభై రెండు."

కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ ఆయన చెప్పులు తెచ్చి మంచం పక్కన పెడుతోంది.

"సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే ఇచ్చి రండి."

మాస్టారు నడుం పట్టుకుని లేచాడు.